భవాని పెళ్ళికి చేపల నెక్లెస్: రాజమండ్రి పూసల కొట్లలో ఒక రోజు

ఈ పేజీలో ఇంతకుముందు రాసింది మా అమ్మాయి మౌనిక. పూసలతో కుట్టే నగల గురించి, ఏ ఊళ్ళో ఏ సామాను బాగుంటుందో తిరిగి చూసి రాసేది. పోయిన వానాకాలంలో జ్వరం వచ్చి మౌనిక పోయింది. ఇరవై నాలుగేళ్ళు. ఆ తరవాత కూడా "రాజమండ్రిలో పూసలు ఎక్కడ కొనాలి, ఎలా వెళ్ళాలి" అని మీరు అడుగుతూనే ఉన్నారు. నేను వాళ్ళమ్మని. రామచంద్రపురం పక్కన పల్లెలో ఉంటాను. జాకెట్లు కుడతాను. చదివింది ఏడో తరగతి. ఫోను దగ్గర మాట్లాడితే అదే రాసిపెడుతోంది, నాకు కనపడిన తప్పులు దిద్దుకుంటున్నాను. మిగిలినవి మీరు సర్దుకుని చదవండి.

నేను రాజమండ్రి వెళ్ళడానికి కారణం ఒక నెక్లెస్. మౌనికకి కాలేజీలో భవాని అని స్నేహితురాలు. వాళ్ళది కాకినాడ, హార్బరు దగ్గర ఇల్లు. నాన్న సముద్రం మీదకి వేటకి వెళ్తారు, అమ్మ చేపలు అమ్ముతుంది. పెళ్ళి కుదిరినప్పుడు భవాని మా ఇంటికొచ్చి "నా మెళ్ళో చేపలుండాలే, లేకపోతే మావాళ్ళు ఎవరి పెళ్ళికో వచ్చామనుకుని వెళ్ళిపోతారు" అంది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. మౌనిక అప్పుడే కాగితం తీసి గీసింది. మధ్యలో ఆకుపచ్చ రాయి, అటొక చేప, ఇటొక చేప, పైన మెడ చుట్టూ ముత్యాల వరస. మందపాటి ఫెల్ట్ గుడ్డ మీద పూసలు ఒక్కొక్కటీ సూదితో కుట్టుకుంటూ పోవాలి. ఎడంపక్క చేప పూర్తయింది. కుడిపక్క దానికి తల, సగం పొలుసులు అయ్యాయి. అక్కడితో ఆగిపోయింది.

పెళ్ళికి ఇంక మూడు వారాలుందనగా భవాని ఫోన్ చేసి "ఆంటీ, అది ఎలా ఉంటే అలాగే ఇచ్చెయ్యండి, వేసుకుంటాను" అంది. సగం చేపని పెళ్ళికూతురి మెళ్ళో ఎలా వేస్తామండీ? పూర్తి చేసే ఇస్తానని చెప్పాను. నలభై ఏళ్ళుగా సూది పట్టిన చెయ్యి, కుట్టు కష్టం కాదు. పూసలే చాల్లేదు. మౌనిక డబ్బాలో వెండి రంగు పూసలు చిటికెడు మిగిలాయి, పాకెట్టు మీద నంబరు చిరిగిపోయింది. అందుకని నెక్లెస్‌నే స్వీట్ల డబ్బాలో దూది వేసి పెట్టుకుని బయల్దేరాను.

రామచంద్రపురంలో ఉదయం ఏడుంపావుకి ఆర్టీసీ బస్సు దొరికింది. మండపేట, ద్వారపూడి మీదుగా వెళ్తుంది, గంటన్నర ప్రయాణం. ఆడవాళ్ళకి టికెట్టు డబ్బుల్లేవు, ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు కొట్టి ఇస్తారు. కార్డు మాత్రం మర్చిపోకండి. ఆఫీసుల వాళ్ళు, కాలేజీ పిల్లలు ఎక్కే వేళ కాబట్టి కొంచెం ముందే వెళ్తే సీటు ఉంటుంది. నాకు కిటికీ పక్క దొరికింది. డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాను. మండపేట దాటాక కండక్టరు గారు వచ్చి డబ్బా వైపు చూశారు.

"ఏంటమ్మా, తాపేశ్వరం కాజాలా? ఒకటి ఇటు పడెయ్యండి."

"చేపలండి" అన్నాను.

ఆయన మొహం మారిపోయింది. ముక్కు ఎగబీల్చారు. "బస్సులో చేపలు ఎక్కించకూడదమ్మా. వాసనొస్తుంది... రావట్లేదేంటి?"

మూత తీసి చూపించాను. పక్క సీటావిడ కూడా వంగి చూసింది. కండక్టరు గారు నవ్వేసి, "బాగున్నాయండి. వీటికి కూడా టికెట్టక్కర్లేదులెండి" అని ముందుకెళ్ళిపోయారు. చాలా రోజులకి నేను కూడా నవ్వాను. నవ్వాక కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ద్వారపూడి వచ్చేదాకా ఊడుపులే ఊడుపులు, ఆడవాళ్ళు వరసగా వంగుని ఉన్నారు.

తొమ్మిదింటికి ముందే రాజమండ్రి బస్సు కాంప్లెక్స్‌లో దిగాను. పూసల కొట్లు పదింటికి గాని తియ్యరు, కాబట్టి మరీ తొందరపడి రానక్కర్లేదు. కాంప్లెక్స్ ఎదర బండి మీద పెసరట్టు తిన్నాను, నలభై రూపాయలు, అల్లం పచ్చడి ఘాటుగా ఉంది. తినేసి చాలామంది గోదావరి గట్టు మీదకి వెళ్ళి కూర్చుంటారు, మీకు టైముంటే వెళ్ళండి, హాయిగా ఉంటుంది. నేను వెళ్ళలేదు. పోయినసారి ఈ ఊరు వచ్చింది ఆ గట్టు దగ్గర మౌనిక అస్థికలు కలపడానికి.

కాంప్లెక్స్ నుంచి దేవీచౌక్ వైపు షేర్ ఆటో ఇరవై రూపాయలు. మొత్తం ఆటో మాట్లాడుకుంటే ఎనభై, వంద అడుగుతారు. ఆటో అతను పూసల కొట్ల సందు అనగానే వెనక్కి తిరిగి చూశాడు.

"మీరూ మొదలెట్టేరా అండి? మా ఆవిడ ఆర్నెల్ల నించీ అదే పని. ఇంట్లో ఎక్కడ కాలు పెట్టినా పూసేనండి. మొన్న పప్పులో ఒకటొచ్చింది. పంటి కింద టక్కుమంది."

"ఏం రంగు?" అని అడిగింది పక్కన కూర్చున్నావిడ.

"ఎర్రదండి. మిరపగింజనుకున్నాను. అడిగితే, జాగ్రత్తగా కడిగి ఇటివ్వు, ఆ రంగు దొరకట్లేదు అందండి."

సందులోకి ఆటోలు వెళ్ళవు. చివర దింపాడు, అయిదు నిమిషాలు నడిచాను. రెండు పక్కలా లేసులు, బొత్తాలు, చమ్కీలు, కుందన్లు అమ్మే కొట్లు. మౌనిక ఎప్పుడూ వెళ్ళే కొట్టు గుమ్మం ముందు పూసల దండలు గుత్తులుగా వేలాడుతుంటాయని చెప్పేది. అలా వెతుక్కుంటే తొందరగానే కనిపించింది. కొట్టాయన పేరు వెంకటరత్నం గారు, అరవై దాటి ఉంటాయి. డబ్బా మూత తియ్యగానే కళ్ళజోడు సర్దుకుని వంగారు.

"ఈ చేపలు నాకు తెలుసమ్మా. ఒకమ్మాయి కాగితం మీద గీసుకొచ్చి, ఈ బల్ల మీదే పూసలు పరిచి చూసుకుంది. మీకెలా వచ్చింది ఇది?"

"మా అమ్మాయేనండి."

"అలాగా! తను రాలేదేం? ఒక్క పాకెట్టు కోసం నన్ను అరగంట నిలబెట్టేది. బేరంలో ప్రతిసారీ నేనే ఓడిపోయేవాణ్ణి."

"ఇంక రాదండి. పోయింది."

ఆయన బల్ల మీద ఉన్నవన్నీ చేత్తో పక్కకి జరిపి జాగా చేశారు. లోపలికి కేకేసి మంచినీళ్ళు తెప్పించారు. నేను తాగేదాకా ఆగి, "పూసలు చూద్దామా అమ్మా" అన్నారు.

పూసలు చూడ్డం ఆయన దగ్గర నేర్చుకున్నాను, మీకూ పనికొస్తుంది. వెండి రంగు అంటే ఒకటే రంగు అనుకున్నాను. ఆయన ఏడు పాకెట్లు తీశారు, ఏడూ వెండి రంగే. కొన్నిటికి వెండి పూత గాజు లోపల ఉంటుంది, అవి మాసిపోవు. కొన్నిటికి పైన పూత, అవి చవక, చెమట తగిలితే నల్లబడతాయి. వేలు తడి చేసుకుని గట్టిగా రుద్దితే పై పూత వేలికి అంటుకుంటుంది. నన్ను గుమ్మం బయటికి తీసుకొచ్చి ఎండలో చూడమన్నారు. ట్యూబులైటు కింద అచ్చం ఒకటే అనిపించిన రెండు రకాలు ఎండలోకి రాగానే ఒకటి నీలంగా, ఒకటి పసుపుగా తేలాయి. మౌనిక వాడిన పూసలకి దగ్గరది ఒకటి దొరికింది గాని, కొంచెం తెలుపెక్కువ. "ఒకసారి వచ్చిన సరుకులా ఇంకోసారి రాదమ్మా. పాతవీ కొత్తవీ కలిపేసి కుట్టండి, ఇక్కడి నుంచి మారింది అని గీత పెట్టినట్టు కనపడదు" అన్నారు. పాకెట్టు నలభై అయిదు, రెండు తీసుకున్నాను. చేప తోకకీ రెక్కలకీ వాడే సన్నటి గొట్టాల్లాంటి పూసలు ఉంటాయి, పైపు పూసలంటారు, అవి ముప్ఫై అయిదు. ముత్యాల దండ నూట ఇరవై. వెనక అతికించే మెత్తటి రెక్సిన్ ముక్క యాభై. ఆయన ఏదీ ఎక్కువ చెప్పలేదు, నేను బేరమాడలేదు.

పొట్లం కడుతూ ఆయన అన్నారు. "అన్నీ చూసి చూసి కొనేది. దారం మాత్రం ఒక్కసారీ కొనలేదమ్మా. నైలాన్ రీలు చేతిలోకి తీసుకునేది, తిప్పి చూసేది, మళ్ళీ పెట్టేసేది. ఇంట్లో ఉందండి, మా అమ్మది అనేది."

ఆ మాట నాకు బాగుంది. నా దారంతోనే కుట్టిందని కొంచెం గొప్పగా కూడా అనిపించింది.

పెళ్ళికూతురు వేసుకునేదని తెలిసి, "ఎందుకైనా మంచిది, పైన నాగమణికి ఒకసారి చూపించండి" అన్నారు. మేడ మీద నాగమణి గారు మగ్గం పని చేయిస్తారు, నేర్పిస్తారు కూడా. నలభై ఏళ్ళుంటాయి, గొంతు పెద్దది. ముగ్గురు ఆడపిల్లలు మగ్గాల ముందు కూర్చుని జాకెట్టు చేతులు కుడుతున్నారు. నాగమణి గారు నెక్లెస్ చేతిలోకి తీసుకుని ముందు చూశారు, తిప్పి వెనక చూశారు. "ముళ్ళు బాగా వేసింది అక్కా. పనిమంతురాలు" అన్నారు. అని చేప తోక కింద గోరు పెట్టి కొంచెం ఎత్తారు. టప్పుమని చిన్న చప్పుడు. రెండు పైపు పూసలు ఊడి ఆవిడ ఒళ్ళో పడ్డాయి.

ఏరుకోడానికి గబుక్కున చెయ్యి చాపాను.

"ఇది జాకెట్లు కుట్టే కాటన్ దారం అక్కా. పైపు పూస చివర గాజు కత్తిలా ఉంటుంది. లోపల రాసుకుని రాసుకుని కోసేస్తుంది. ఇంకో రెండు పోగులు మిగిలాయి, అంతే. ఏ తెలివితక్కువది ఇచ్చిందండి ఈ దారం?"

"నేనేనండి."

మగ్గం దగ్గర పిల్లలు చేతులాపారు.

దాచుకోవడానికేముంది, ఇది పోయిన మా అమ్మాయి చేసిందని, దారం సంగతీ చెప్పేశాను. మౌనిక నన్నడిగింది. అమ్మా, పూసలకి వేరే దారం కావాలి, రీలు డెబ్భై రూపాయలు అంది. ఇంటినిండా ఇన్ని రీళ్ళు పెట్టుకుని దారం కొంటావేంటే, ఏ రంగు కావాలో తీసుకో అన్నాను. అది నాతో వాదించలేదు. తెల్ల రీలు తీసుకుంది.

నాగమణి గారు నా వైపు కాకుండా నెక్లెస్ వైపు చూస్తూ మెల్లగా చెప్పారు. "పెళ్ళిలో మూడు ముళ్ళు వేసేటప్పుడు ఎవరి చెయ్యి తగిలినా ఇది తెగుతుంది అక్కా. పీటల మీద పూసలు రాలితే ఏమంటారో మీకు తెలుసు. పోయిన పిల్ల చేసిన నగ అంటారు." రెండు పనులు చెయ్యొచ్చన్నారు. అచ్చం ఇలాంటిదే వాళ్ళ పిల్లల చేత వారంలో కొత్తగా కుట్టించి ఇస్తారు, ఇది నేను ఇంట్లో దాచుకోవచ్చు. లేదంటే దీనికే తోకా రెక్కలూ మొత్తం కోసి విప్పి మళ్ళీ కుట్టాలి.

నా కూతురు వేసిన కుట్టు కత్తిరించడం నా వల్ల కాదనిపించింది. దాచుకోవాలనే ఉంది. భోంచేసి వస్తానని కిందకి దిగాను.

సందు చివర చిన్న మెస్సు ఉంది, భోజనం వంద రూపాయలు. ఆ రోజు బీరకాయ పచ్చడి, మజ్జిగ పులుసు, వంకాయ. కలుపుకున్నాను గాని ముద్ద నోటి దాకా వెళ్ళలేదు. వడ్డించే ఆవిడ వచ్చి నిలబడింది.

"ఏమ్మా, ఉప్పు తక్కువైందా?"

"లేదండి, బాగుంది."

"బాగుంటే తినాలి. చూస్తే కడుపు నిండుతుందా? ఉండండి, ఇంకో చెంచా నెయ్యి వేస్తాను. దీనికి డబ్బులక్కర్లేదు."

తిన్నాను. చెయ్యి కడుక్కుని భవానికి ఫోన్ చేశాను. హార్బరులో ఉన్నట్టుంది, వెనక చేపల వేలం పాటల గోల. ఉన్నదున్నట్టు చెప్పాను.

"కొత్తదైతే నాకెందుకాంటీ? కాకినాడలో కొట్లు లేవా? తెగితే తెగుతుంది, ఏరుకుంటాను" అంది.

"తెగకూడదమ్మా. తెగితే నిన్ను కాదు, దాన్నంటారు."

"అయితే విప్పి కుట్టండాంటీ" అంది. "మీరు మళ్ళీ కుడితే అది చూసి ఏమనేదో తెలుసా? మా అమ్మ ఇప్పటికి దారిలోకొచ్చింది అనేది."

నిజమే. అలాగే అనేది. ఫోన్ పెట్టేసి మళ్ళీ వెంకటరత్నం గారి కొట్లోకి వెళ్ళి నైలాన్ దారం ఒక రీలు, పన్నెండో నంబరు సూదుల పాకెట్టు ఒకటి తీసుకుని మేడెక్కాను.

నాగమణి గారు చిన్న కత్తెర నా చేతికిచ్చారు. "మీరే కొయ్యండక్కా, వెనక వైపు నుంచి. నేను పూసలు పట్టుకుంటాను." మొదటి పోగు దగ్గర కొంచెంసేపు ఆగాను. కోశాక మిగిలినవి వాటంతటవే వదులయ్యాయి. తోక పూసలన్నీ డబ్బా మూతలో పడ్డాక కింద ఫెల్ట్ మీద మౌనిక పెన్నుతో గీసిన గీత బయటపడింది. ఒక చోట కొట్టేసి పక్కన మళ్ళీ గీసింది. తోక కొంచెం పైకి లేచి ఉండాలని మార్చుకున్నట్టుంది. ఆ రెండో గీత మీదే కుట్టుకుంటూ వెళ్ళాను.

ప్రతి పైపు పూసకి అటూ ఇటూ ఒక చిన్న గుండ్రటి పూస ఎక్కించమన్నారు నాగమణి గారు. అప్పుడు గాజు అంచు దారానికి తగలదు. పొలుసులకి వాడినవి గుండ్రటివి కాబట్టి అక్కడ మౌనిక దారం ఇంకా గట్టిగానే ఉంది. దాన్ని తియ్యకుండా, సన్న సూదితో అవే పూసల్లోంచి నైలాన్ దారం రెండోసారి నడిపించాము. కొన్ని పూసల కన్నం చాలలేదు, మూడు పగిలాయి, వాటి చోట కొత్తవి పెట్టాను. "తొయ్యకండక్కా, అడగండి దాన్ని, దారిస్తే వెళ్ళండి, లేదంటే వదిలెయ్యండి" అని పక్కనుంచి చెబుతూనే ఉన్నారు. నాలుగున్నరకి ఎడమ చేప పూర్తయింది. ఆవిడ తోక కింద మళ్ళీ గోరు పెట్టి లాగారు. ఈసారి గోరే విరిగింది. పిల్లలు కిసుక్కుమన్నారు. "నవ్వుతారేంటే, పని చూడండి" అని కసిరారు గాని ఆవిడా నవ్వుతున్నారు. రెండు వందలు తీసుకున్నారు. "ఊరికే నేర్పను అక్కా, మీరు జాకెట్టు ఊరికే కుడతారా?" అన్నారు. నాకు ఆ లెక్క నచ్చింది. అయిదున్నర బస్సు పట్టుకుంటే ఏడున్నరకి ఇంట్లో ఉన్నాను. రానూపోనూ ఆటోలు, తిండి, సామాను, నేర్పినందుకు అన్నీ కలిపి తొమ్మిది వందలు దాటలేదు.

కుడి చేప పదిరోజుల్లో పూర్తి చేశాను. ఇంట్లో ఏడాది తిరగలేదు కాబట్టి పెళ్ళిలో పీటల దగ్గరికి వెళ్ళకుండా వెనక కుర్చీల్లో కూర్చున్నాను. మూడో ముడి వేసేటప్పుడు పెళ్ళికొడుకు వేలు నెక్లెస్‌లో ఇరుక్కుంది. అతను లాగాడు. రాలేదు. ఇంకోసారి గట్టిగా లాగాడు. భవాని మెడ కూడా వెనక్కొచ్చింది. నేను ముందు కుర్చీ పట్టుకుని లేచి నిలబడ్డాను. వేలు బయటికొచ్చింది, ముడి పడింది, అక్షింతలు తప్ప ఇంకేమీ రాల్లేదు. నేను చేసిన పొరపాటు మౌనిక మీదకి వెళ్ళకుండా ఆగింది. అది ఉండగా ఇవ్వాల్సింది ఇవ్వలేదన్న బాధ ఉంటుంది, అది పోదు, పోవాలని కూడా లేదు. కాని ఆ రోజు పెళ్ళి భోజనం కడుపునిండా తిన్నాను.

రాజమండ్రి వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. పూసలు తరవాత చూసుకోవచ్చు, ముందు నైలాన్ దారం కొనండి, డెబ్భై రూపాయలే. మీ ఇంట్లో పిల్ల అడుగుతుంటే, ఎందుకని అడక్కుండా కొనివ్వండి.